కుడిపక్క అలయ్ బలయ్

మా బాపు నన్ను దగ్గరికి తీసుకునేది ఏడాదికి ఒక్కసారే. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ చేసుకునేటప్పుడు. మిగతా రోజుల్లో ఆయన ప్రేమంతా తిట్లలోనే. నా నెత్తి నెరిసినా సిగ్గులేకుండా ఆ ఒక్క కౌగిలి కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను.

ఈసారి వానాకాలంలో బాపుకు ఎడమపక్క, వీపు నుంచి రొమ్ముదాకా సర్పి లేచింది. పొక్కులు మానాయి కానీ మంట పోలేదు. అంగీ తగిలినా ఓర్చుకోలేడు, ఫ్యాను గాలి కూడా పడదు. కోటగిరిలో మా ఇంటి ముందు గోడ చాటున ఒంటిమీద అంగీ లేకుండా కూర్చుని, చెరుకు ఆకుల చప్పుడు వింటూ ఉండేవాడు.

నిజామాబాద్‌లో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. నాడీకణాలు తమలోని క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయట. లోపల అది తక్కువగా ఉంటేనే 'ఇక చాలు, ఊరుకో' అని వచ్చే కబురు పనిచేస్తుందట. నరం దెబ్బతింటే వెన్నుపాములో ఆ తోడే పని మందగిస్తుంది. క్లోరైడ్ లోపలే పేరుకుంటే ఊరుకోబెట్టే కబురుకు బలం తగ్గుతుంది, ఒక్కోసారి అదే కణాన్ని రెచ్చగొడుతుంది. అప్పుడు మామూలు తాకిడి కూడా నొప్పి అయిపోతుంది.

"గది ఉప్పుల ఉండేదే కదమ్మా? ఉప్పు బంద్ జేస్త" అన్నాడు బాపు.

"తినే ఉప్పుతోని ఏం కాదు పెద్దయ్యా. సప్పిడి తిని నోరు పాడు జేస్కోకు" అని ఆమె నవ్వింది.

తిరుగు బస్సులో బాపు నా వైపు తిరిగాడు. "అంటే మురుగు కాలువ పూడింది. నీళ్లు మడిల నిలవడ్డయ్. గంతేనా?"

"గంతే బాపు."

కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. బాపు వీపులో ఎక్కడో ఒక చెరుకు మడి, మోకాలిలోతు నీళ్లు, మీద పలుచని ఎండ. నేను అందులోకి దిగి చేతులతో పూడిక తీస్తున్నాను. ఎంత తీసినా నీళ్లు కదలవు. బోధన్ వచ్చేదాకా తీస్తూనే ఉన్నాను.

మందులు కొంత పనిచేశాయి. కానీ దసరా నాటికి మంట ఇంకా ఉంది. వచ్చినవాళ్లందరికీ బాపు చెయ్యి చాపి దూరం నుంచే ఆకు ఇచ్చాడు. నాకూ అట్లాగే ఇచ్చాడు. ఆయన కాళ్లు మొక్కి లేచి పక్కకు తిరిగాను. చిన్నపిల్లవాడిలా ఏడుపొచ్చింది.

"యాడికి వోతున్నవ్‌రా? ఇటు రా. గీ పక్క నాకేం గాలే."

ఎడమచెయ్యి దూరంగా పైకెత్తి పట్టుకుని, కుడిపక్క నాకిచ్చాడు. ఒంటిచేత్తో గట్టిగా అదుముకున్నాడు. ఎప్పుడూ ముందు వదిలేది ఆయనే. ఆ రోజు వదల్లేదు.