పందికొక్కు గాదె

తిక్కయ్య తుపాకి మీద ఒక విరిగిన దుర్భిణి ఉండేది. ఆదోని సంతలో కొని, తానే తీగతో బిగించుకున్నాడు. ఎమ్మిగనూరు పల్లెల్లో వేరుశనగ చేలకు పందికొక్కులు పడితే రైతులు అతన్నే పిలిచేవారు. పొద్దు వాలేవేళకు కలుగుకు ఎదురుగా గట్టు మీద బోర్లా పడుకుని, ఎడమ కన్ను మూసి, దగ్గొచ్చినా గొంతులోనే మింగేవాడు. పందికొక్కు తల బయటపెడితే ఒక్కటే దెబ్బ. తర్వాత గడ్డపార తీసుకుని కలుగు తవ్వేవాడు. లోపల అది దాచుకున్న కాయలే అతని కూలి. అంతకుమించి ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు.

ఎనభై ఐదు కరువులో మల్లమ్మ పిలిచింది. ఆమె చేలో ఏ చెట్టు పీకినా వేళ్లకు కాయ లేదు. పట్టిన కాయలన్నీ పందికొక్కే లాక్కుపోయిందని ఆమె నమ్మకం.

"అన్నా, ఈసారి సగం నాకియ్యి. ఇత్తనానికి గింజ ల్యాదు."

"అంతా నువ్వే తీసుకో మల్లమ్మా," అన్నాడు తిక్కయ్య.

ఆ సాయంత్రం ఒక్క దెబ్బకే పందికొక్కు చచ్చి పడింది. తిక్కయ్య మోకాటిలోతు తవ్వి, భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఎండుగడ్డి మీద కళ్లు తెరవని నాలుగు పిల్లలు తగిలాయి. ఒక్క కాయ లేదు.

"ఇంకా తవ్వన్నా, లోపల ఉంటాయి," అంది మల్లమ్మ కాయలకోసం కొంగు పట్టి.

తిక్కయ్య చచ్చినదాన్ని తిరగేసి చూశాడు. కడుపు వీపుకు అంటుకుపోయి ఉంది.

"ఇది దొంగతనం చేయల్యాదమ్మా. నీ సేన్లో కాయే పట్టల్యాదు."

తల్లిని పిల్లల పక్కన పెట్టి, మట్టి కప్పేశాడు. మల్లమ్మ కొంగు పట్టుకునే నిలబడి ఉంది.