బోర్డు చదివే తిమ్మప్ప మామ

మా మేనమామ తిమ్మప్ప గారు గత మాసంలో అయిజలోని స్వగృహంలో కన్నుమూశారు. వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. నిజం చెప్పాలంటే దుఃఖం కంటే ముందు భయం పుట్టింది. మా ఆయన ఈ భూమ్మీద వెరిచే మనిషి మామ ఒక్కరే. ఆ వెరపు పోయాక మళ్ళీ రాయచూరు బస్సెక్కుతాడేమోనని నా దిగులు.

మామది విత్తనాల దుకాణం. పక్క చేనోడు వేసిన రకమే కావాలని ఎవరొచ్చినా, పొట్లం వెనకాల రాసింది చదివించందే ఇచ్చేవారు కాదు. పెళ్ళి పత్రిక చేతికిస్తే అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా చదివి గానీ కింద పెట్టేవారు కాదు. వయసులో పేకాట ఆడారు, ఆ సంగతి ఏనాడూ దాచలేదు.

మాది పత్తి విత్తనం సాగు. చేతికొచ్చిన పైసలు పట్టుకుని మా ఆయన రాయచూరు పోయేవాడు. అక్కడ వీడియో గేముల దుకాణంలో పేకాట మిషన్లుండేవి. చాలా రోజులుగా ఎవరికీ పైసా ఇవ్వని మిషన్ దగ్గరే కూర్చునేవాడు. సాగు లేక పడావు పడ్డ చేను తర్వాత బాగా పండుతుంది కదా, ఇదీ అంతేనని ఆయన నమ్మకం. నేనెంత మొత్తుకున్నా చెవిటివాని ముందు శంఖమే. చివరికి మామ దగ్గరికి పోయి ఏడ్చాను.

మామ తిట్టలేదు, ఆయన వెంట తానూ బస్సెక్కారు. దుకాణంలో నిలబడే ప్రతి మిషన్ అద్దం మీది బోర్డునూ చదివారట. ఏ ముక్కలు కలిస్తే పెట్టిన పైసలకు ఎన్నింతలు వస్తుందో అక్కడ రాసి ఉంటుంది. మూడు ముక్కలు ఒక రకం, రెండు ముక్కలు ఇంకో రకం పడితే ఒక మిషన్ తొమ్మిదింతలు ఇస్తుంది, మా ఆయన మోజుపడ్డది ఆరింతలే.

“అల్లుడా, పడావు పెడితే చేనుకు బలమొస్తది. మిషన్‌కు యాడికెళ్లి వస్తది? ఇచ్చేదేదో ముందే రాసిపెట్టిండ్రు, చదువు,” అన్నారట.

మా ఆయన హుషారుగా తొమ్మిదింతల మిషన్ వైపు కదిలాడు. మామ భుజం పట్టుకుని ఆపారు.

“బోర్డు సూసుడు మంచిదే. సూడకుంటే జల్ది మునుగుతం, సూస్తే నిమ్మళంగ మునుగుతం. గట్టు మీదుండాల్నంటే కూసోనే వద్దు.”

ఇద్దరూ తర్వాతి బస్సుకే తిరిగొచ్చారు. అటుపైన విత్తనం పైసలు వచ్చే రోజున మామ ఏదో పని కల్పించుకుని మా ఇంటికొచ్చి కూర్చునేవారు. పేకాట మాట ఎత్తేవారే కాదు.

మామ దినాలైన వారానికి పైసలొచ్చాయి. బోరు మోటారు బాగుచేయించాలని మా ఆయన రాయచూరు బయలుదేరాడు. మోటారు పాడైన మాట నిజమే, వద్దనలేకపోయాను. పొద్దంతా వాకిట్లోనే కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు మోటారుతో ఆటో దిగాడు. నేనడగకముందే తానే చెప్పాడు.

“దుకాణంలకు పోయిన. అబద్ధమెందుకు? మామ లేడు గద, నేను ఆగుతనో లేదో సూడనీకె పోయిన. అన్ని బోర్డులు సదివిన. యాడ గూడ కూసోలే.”

పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతటి పెద్దదిక్కు మా వంశంలో మళ్ళీ పుట్టదు. ఆ పుణ్యమూర్తి పాదాలకు చేతులెత్తి మొక్కుతున్నాను. శవం ముందు కూడా రాని కన్నీళ్ళు ఆ సాయంత్రం వచ్చాయి. భయం తీరాకే, నా వరకు, మా మామ చనిపోయారు.