నాలుగు పిన్నుల కవరు

మా రికార్డు గదిలో ఆమె అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఫైళ్లకు ట్యాగులు కడుతుంది కాబట్టి ట్యాగక్క. ఇరవై రెండేళ్లుగా అదే పని: కాగితాలు తేదీల వారీగా సర్దడం, మూలన రంధ్రం పొడవడం, దారం దూర్చి ముడెయ్యడం. నేను ఆ గదిలో గుమాస్తాను. ఆమె కట్టిన ఫైలుకు నంబరు వేసి పైకి పంపేవాణ్ణి. నిజానికి ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. రోగి వేరే దేశంలో చేయించుకున్న వైద్యం కాగితాలను ఫైల్లో కలపరు. ఖాకీ కవర్లో పెట్టి, నాలుగు మూలలా స్టేప్లర్ పిన్నులు కొట్టి, చివరి అట్టకు తగిలిస్తారు. ఆ కవరు విప్పిన డాక్టర్ని నేను చూడలేదు. అందులోనూ సరిహద్దు అవతలి దేశం కాగితాలంటే మరీ లోకువ. "అక్కడ డాక్టరుంటే కరెంటుండదు, కరెంటుంటే డాక్టరుండడు" అని క్యాంటీన్లో జోకు. నేనూ పగలబడి నవ్వేవాణ్ణి.

ట్యాగక్క నవ్వేది కాదు. ఆమె భర్త లారీ డ్రైవరు. మూడేళ్ల కిందట ఆ దేశంలోనే లారీ బోల్తాపడి అతని కడుపు చీలింది. అక్కడి చిన్న ఆసుపత్రివాళ్లు కుట్లేసి, బతికించి పంపారు.

"చేత్తో పద్నాలుగు పేజీలు రాసిచ్చారు. ఏ పూట ఏం మందిచ్చారో, ఎన్నిసార్లు ఒంటికి పోయాడో కూడా రాశారు. మనవాళ్లు రాస్తారా?" అని టీ గ్లాసు బల్ల మీద కొట్టి మరీ అడిగేది. దాంతో ఆమెకు ఇంకో పేరొచ్చింది, రాయబారి. "రాయబారిగారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అని ఎక్స్‌రే గదివాళ్లు ఆటపట్టించేవాళ్లు. "వెయ్యండి, కాళ్లు లాగుతున్నాయి" అని ఆమె దర్జాగా కూర్చునేది.

ఆ సోమవారం పొద్దున్నే ఒక పెయింటరును తెచ్చారు. పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది. ఆ దేశం నుంచి పనికొచ్చిన మనిషి. రద్దీలో ట్యాగక్క అతని కవరుకూ నాలుగు పిన్నులు కొట్టేసింది. చదవలేదు. అంతమందితో వాదించే మనిషి కూడా చేతి అలవాటును మాత్రం మానుకోలేకపోయింది.

గంట తర్వాత అతని భార్య మా కిటికీ దగ్గరికొచ్చింది. ఆమె యాస విని వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అక్కా, మా కాగితాలు డాక్టరుగారు చూశారా? మా ఆయనకి ఒక మత్తుమందు పడదు. పోయినసారి చచ్చి బతికాడు. చెప్తే నర్సమ్మ, అన్నీ ఫైల్లో ఉంటాయిలే అంది."

ట్యాగక్క చేతిలో దారం పడేసి లేచింది. "తమ్ముడూ, నువ్వూ రా. నా ఒక్కదాని మాటైతే వినరు" అని నా రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. ఫైలు ఆపరేషను థియేటరు బయట బల్ల మీద ఉంది. పెయింటరు భార్య మా వెనకే వచ్చి అక్కడి బెంచీ మీద కూర్చుంది. గోళ్లతోనే పిన్నులు పీకింది. ఒకటి వేలికి దిగింది. రెండో పేజీలో మందు పేరు కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఆ మందివ్వగానే ఒళ్లు కాలిపోయిందనీ, కండరాలు కొయ్యబారాయనీ, ఐసు కప్పి కాపాడామనీ, ఇక ఎప్పుడూ ఇవ్వొద్దనీ రాసుంది. నేనూ చదివాను.

మత్తు డాక్టరు తలుపు పక్కన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆపరేషనప్పుడు మమ్మల్ని తన కారులో ఇంటిదాకా దింపాడు. కాగితం మీద ఒక్క చూపు పడేసి, "ఓహో, అక్కడిదా! వాళ్లకు మత్తివ్వడం చేతకాక మనిషిని ఉడకబెట్టి, తప్పు మందు మీదికి తోశారమ్మా. పదిహేనేళ్లుగా ఇస్తున్నాను నేను" అన్నాడు.

"మీకు అలాంటిది ఎదురుపడలేదు సార్, వాళ్లకు ఎదురుపడింది. బతికించి మరీ రాశారు. నా మొగుణ్ణి కుట్టిందీ వాళ్లే. నన్ను ఎన్ని తిట్లైనా తిట్టండి, ఆ మందు మాత్రం మార్చండి."

"నీ పని దారం కట్టడం. నా పని నన్ను చేసుకోనివ్వు." నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వూ రాయబారివేనా?"

నర్సులు నవ్వారు. "లేద్సార్, ఊరికే ఈమె వెంట వచ్చాను" అని నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

తలుపు మూసేశారు. ట్యాగక్క ఆ పేజీని తలుపు అద్దానికి ఆనించి పట్టుకుని నిలబడింది, లోపల ఒక్కరైనా చదువుతారేమోనని. కాసేపటికి లోపల పరుగులు మొదలయ్యాయి. ఒక వార్డుబాయ్ బయటికొచ్చి క్యాంటీన్లో ఐసుందా అని అడిగాడు. మధ్యాహ్నం రెండింటికి పెయింటరు పోయాడు.

వారం తర్వాత విచారణ పెట్టి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. కాగితాలు పిన్నులు కొట్టి మూసి ఉన్నాయనీ, తమకెవరూ చూపించలేదనీ థియేటరువాళ్లు రాసిచ్చారు.

"పిన్నులు కొట్టిందెవరు?" అని అడిగారు.

"నేనే సార్. కొట్టాను, పీకాను, చూపించాను. మూడూ రాసుకోండి."

"చూపించావనడానికి సాక్ష్యం?"

ఆమె నావైపు చూసింది. బతిమాలడం లేదు ఆ చూపులో. నేను చెప్తానని నమ్మకం, అంతే.

"తలుపు దాకా వెళ్లాను సార్. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు" అన్నాను.

ఆమెను దుప్పట్లు ఉతికే విభాగానికి మార్చారు. వెళ్తూ స్టేప్లర్ నా చేతికిచ్చి, "బీరువాలో పడెయ్ తమ్ముడూ, మళ్లీ తియ్యకు" అంది. తిట్టినా బావుండేది. నేను దాన్ని బీరువాలోనే పెట్టాను. వారం తిరక్కుండా స్టోర్స్ నుంచి కొత్తది వచ్చింది.

ఈమధ్య పెయింటరు భార్య కాగితాలు తీసుకుపోవడానికి వచ్చింది. "మా ఊళ్లో ఇవి రాసిన డాక్టరుగారికి చూపించాలి. 'నేను రాసింది ఎవరూ చదవలేదా' అని అడుగుతారాయన" అంది. సంతకం పెట్టి, ఆ రోజు కొట్లాడిన అక్క ఎక్కడుందని అడిగింది. చేతులు పట్టుకుని ఒక మంచిమాట చెప్పి పోదామని వచ్చిందట. దుప్పట్లు ఉతికే చోటికి దిగే వెనక మెట్లు చూపించాను. రెండడుగులు వేసి ఆగింది.

"మీరు పక్కనే నిలబడ్డారు కదయ్యా. బెంచీ మీదున్న నాకే ఆ మాటలన్నీ వినపడ్డాయి. మీకు వినపడలేదని చెప్పారట?"

"వినపడ్డాయమ్మా" అన్నాను.

"ఆ ముక్క వాళ్ల దగ్గర చెప్పండి" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కూర్చుని ఇదంతా రాశాను, కింద సంతకం కూడా పెట్టాను. నాలుగు రోజులైంది. ఇంకా నా సొరుగులోనే ఉంది.