తాలు కాయల గోడ

పొగరనుకోండి, ఇంకేమన్నా అనుకోండి, ఆ గోడ మీద స్వామీజీ ముఖం నేను గీయను. ఆశ్రమ కమిటీ అధ్యక్షుడు నాలుగోసారి పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పుడే విన్నాను. స్వామీజీ దగ్గర నేర్చుకున్న చెయ్యి ఉంది గానీ ఈ పిల్లకి కృతజ్ఞత లేదని పక్కనున్న ఎవరితోనో అంటున్నాడు, రికార్డింగ్ ఆపడం మర్చిపోయి. గుంటూరు బస్టాండులో నిలబడి అది వింటుంటే మిర్చి బస్తాల లారీ ఒకటి పక్కనుంచి వెళ్లింది. ఘాటు గొంతులోకి దిగి దగ్గు ఆగలేదు. ఆ దగ్గుతోనే ఆశ్రమం భోజనశాల గోడ మొత్తం కళ్ల ముందుకొచ్చింది.

మీలో ఎవరూ స్వామీజీని చూసి ఉండరు. చీరాల నుంచి పర్చూరు వైపు వెళ్లే దారిలో, పత్తి చేల మధ్య చిన్న ఆశ్రమం. ముగ్గురు సన్యాసులు ఉండేవారు, వారిలో బొమ్మలు వేసే ఆయన స్వామీజీ. దేవుళ్ల బొమ్మలు కాదు. దుక్కి దున్నే ఎద్దులు, నీళ్లలో పడుకున్న గేదెలు, పత్తి తీసే చేతులు. రంగులంటే సున్నం, ఎర్రమట్టి, దీపం మసి, పసుపుకి సున్నం తగిలిస్తే వచ్చే ఎరుపు. బొమ్మ కింద పేరు రాసేవారు కాదు. అంట్లు తోమడం ఒకరి వంతు, ఆవుల కొట్టం ఒకరి వంతు, గోడ ఆయన వంతు, అంతే. భోజనం గంట మోగితే ఎద్దు కాలు సగంలో ఉన్నా కుంచె కడిగేసి వడ్డనకి వచ్చేసేవారు. హైదరాబాదులో పెరిగిన నేను, బాస్‌తో గొడవపడి ఉద్యోగం మానేసి, పది రోజుల్లో ఆయన మీద ఒక వీడియో తీసుకుపోదామని వచ్చాను. వీడియో తీసే ముందు గోడకి ఒక మూల నన్నూ ఒక బొమ్మ వెయ్యమన్నారు. రెండేళ్లు ఉండిపోయాను.

ఆ మూలలో మిర్చి కల్లం వేశాను. ఫోనులో ఫోటో తీసి, అందులో ఎరుపు పెంచి, దాన్ని చూస్తూ వేశాను. కుప్ప నిప్పులా వచ్చింది. చుట్టూ కూర్చుని నవ్వుతున్న ఆడవాళ్లు. నా జన్మలో అంత బాగా ఏదీ వేయలేదనుకున్నాను. కానీ స్వామీజీకి ఒక పద్ధతుంది. బొమ్మలో ఎవరి పని ఉందో వాళ్లు వచ్చి చూసేదాకా అది పూర్తయినట్టు కాదు. శుక్రవారం కూలీలకి ఆశ్రమంలోనే భోజనం. చేతులు కడుక్కున్నాక మంగమ్మ వచ్చి గోడ ముందు నిలబడింది. ముప్పై ఏళ్లుగా కల్లాల్లో కాయలు ఏరుతున్న మనిషి.

"బాగానే ఉందమ్మా. తాలు కాయ ఒక్కటీ లేదే?"

అన్నీ ఎర్రగా ఉంటేనే అందమని చెప్పాను.

"అన్నీ ఎర్రకాయలే అయితే మేం ఎండలో కూర్చుని ఏం ఏరుతున్నట్టు? పేలు చూసుకుంటున్నామా?"

భోజనశాల అంతా నవ్వింది. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. దాన్ని ఏరి పక్కన పడెయ్యడమే వాళ్ల రోజంతా పని. ఆ తెల్లకాయల్ని నేను ఫోటోలోనే చెరిపేశాను. కుంచె నేలకేసి కొట్టి, వీళ్లకి బొమ్మల గురించి ఏం తెలుసని స్వామీజీ మీద అరిచాను. ఆయన కుంచె తీసి కడిగి, సున్నం బాల్చీ తెచ్చి నా ముందు పెట్టారు.

"బొమ్మ గురించి నీకు తెలుసమ్మాయ్. పని గురించి ఆవిడకి తెలుసు. వాళ్ల పని తీసేసి వాళ్లని ఊరికే కూర్చోబెట్టావు. తుడిచెయ్యి."

ఏడుస్తూ తుడిచాను. తర్వాత నాలుగు రోజులు ఫోను సంచిలో పడేసి, మంగమ్మ పక్కన కల్లంలో కూర్చున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా దగ్గొచ్చేది. అన్నం కలుపుతుంటే వేళ్లు మండేవి. ఆ మంటలో నవ్వే ముఖాలు ఎక్కడివి? మళ్లీ వేసినప్పుడు కుప్పలు రెండయ్యాయి, ఎర్రది పెద్దది, తెల్లది చిన్నది. ముఖాలకి గుడ్డలొచ్చాయి. మంగమ్మ వచ్చి, ఒక చివర వీపు తిప్పి, కాలు పక్కకి చాపుకున్న మనిషి తనేనంది. ఎడమ మోకాలు నొప్పని కాలు అలా చాపుకుని కూర్చునేది తనొక్కతేనట.

ఇంకోసారి, స్వామీజీ గంగాళం తోముతుంటే దొంగచాటుగా ఫోటో తీసి, కాగితం మీద ఆయన ముఖం గీసి చూపించాను. చాలాసేపు చూశారు. పోలిక బాగా కుదిరిందనే అన్నారు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో పెట్టారు. నాకు ఒళ్లు మండింది.

"సన్యాసం తీసుకున్న రోజు నాకు నేనే పిండం పెట్టుకున్నానమ్మాయ్. ఆ ముఖం అక్కడితో అయిపోయింది. ఈ గోడ వాళ్లది. నన్నందులోకి లాగొద్దు."

పోయినేడాది జ్వరంతో పడుకుని, వారం తిరక్కుండానే వెళ్లిపోయారు. ఇప్పుడు కమిటీ వాళ్లు మిర్చి కల్లం మీద సున్నం కొట్టించి, ఆ చోట ఆయన్ని నిలువెత్తున, తల వెనక వెలుగుతో వెయ్యమంటున్నారు. లోపలికి రాగానే ఎదురుగా కనిపించేది ఆ చోటే. వచ్చినవాళ్లు ఆయన్ని చూసి దండం పెట్టుకోవాలనుకుంటారు, అది తప్పనను. నాకూ ఆయన్ని చూడాలనే ఉంది. నేను కాదంటే చీరాల నుంచి ఫ్లెక్సీలు వేసే ఆయన్ని పిలుస్తారట. మంగమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"స్వామి బొమ్మ వద్దని నేనెట్టా అంటానమ్మా," అందావిడ.

ఆవిడ అనలేదు కాబట్టి నేను అనాలి. చీరాల బస్సెక్కి, సున్నం కొట్టేవాళ్లు వచ్చేసరికి ఆ గోడకి ఆనుకుని కూర్చుని ఉంటానని అధ్యక్షుడికి టైపు చేసి పంపాను. నా కోపం తగ్గలేదు. తగ్గించుకోమని స్వామీజీ ఎప్పుడూ అనలేదు, ఎవరి కోసం పడుతున్నావో చూసుకోమనేవారు. చూసుకున్నాను. తన ముఖాన్ని తానే వదిలేసుకున్న మనిషికి ముఖం తగిలించడానికి, ఆయన గోడ మీద కూర్చోబెట్టుకున్న ఆడవాళ్లని చెరిపేసి, దాన్ని భక్తి అని నా ముందుకొచ్చి చెప్పగలవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?