మెడలో చీలిన మేకు

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే, కొమరోలు దగ్గరి మా ఊళ్లో ఆడపిల్లలం కూడా పగలంతా బావుల్లోనే ఉండేవాళ్లం. నాకు పదేళ్లుంటాయేమో. ఆ ఏడు మా చేని బావిలో నీళ్లు బాగా కిందికి పోయాయి. పెద్దపిల్లల్లాగా తలకిందులుగా దూకాలని నాకు పంతం. దూకాను. నీళ్లలో కనబడని బండకు నడినెత్తి తగిలింది.

పైకి నేనే ఎక్కి వచ్చాను. రక్తం కూడా పెద్దగా రాలేదు. కానీ రెండు చేతులతో తలను పట్టుకుని నడిచాను. చేతులు తీస్తే తల మెడ మీద నిలవదనిపించింది. ఇంటికి చేరగానే మా అవ్వ, "మెడ పట్టినట్టుంది, ఎవురినన్నా పిలిచి ఒకసారి విరిపిస్తే సరిపోతాది" అంది. ఆ మాటకు నేను పెట్టిన ఏడుపు చూసి మా నాయన హడలిపోయి, బండిలో పడుకోబెట్టి గిద్దలూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నేను తల పట్టుకున్న తీరు చూడగానే నన్ను కదలొద్దన్నాడు. చెవులకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టించి, పట్నంలోని పెద్దాసుపత్రికి పంపాడు.

అక్కడ పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఏదీ తేలలేదు. ఎక్స్‌రేలు చూసే డాక్టరమ్మ ఒకామె వచ్చి, నోరు బాగా తెరిపించి, ఆ తెరిచిన నోట్లోంచి ఇంకో ఫిల్ము తీయించింది. ఆ తర్వాత నా గడ్డం కింద పట్టీ వేశారు. పట్టీకి తాడు కట్టి, మంచం తలవైపు నుంచి బరువు వేలాడదీశారు.

ఎందుకో నాకెవరూ చెప్పలేదు. నాకు మిగిలింది పైకప్పు ఒక్కటే. మనుషుల మాటలు వినబడేవి, మనుషులు కనబడేవాళ్లు కాదు. మీదికి వంగితేనే ఒక ముఖం, అదీ తలకిందులుగా. చెవి వెనక చెమట కారితే తుడుచుకోలేను. "నాయనా, ఇంటికి పోదాం" అంటే, "రేపు పోదాంలేమ్మా" అనేవాడు. మర్నాడూ అదే మాట. లేవాలని గింజుకున్నాను. చివరికి మా నాయనే తన తుండుగుడ్డ చింపి నా చేతులను మంచానికి కట్టాడు. కడుతున్నంతసేపూ నా ముఖంలోకి చూడలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. నా చేతుల కట్లు చూసింది. ఫిల్మును కిటికీ వెలుతురు పడేలా నా కళ్లకు పైన పట్టుకుంది. "ఇవి నీ పళ్లు. వాటి మధ్య పొట్టిగా నిలబడిందే, అది నీ మెడలో రెండో ఎముకకున్న మేకు. దాని చుట్టూ ఉంగరంలా ఉన్నది మొదటి ఎముక. దాని మీదే నీ పుర్రె కూర్చుంటుంది. మీ ఇంట్లో తిరగలి ఉందా?"

"ఉండాది."

"పై రాయి దేని చుట్టూ తిరుగుతుంది?"

"నడిమి మేకు చుట్టూ."

"నీ తల కూడా అంతే. ఆ మేకు మొదలు దగ్గర చీలింది, చూడు." వెంట్రుకంత నల్లగీత. "దాని వెనకే మెదడు నుంచి దిగే నరాల తాడు ఉంటుంది. ఎముక జరిగితే అది నలుగుతుంది. కాళ్లూ చేతులూ పడిపోతాయి. ఊపిరి కూడా ఆగవచ్చు. కదలకపోతే అతుక్కుంటుంది. రేపు ఇంటికి పోవడం కుదరదు. చాలా వారాలు పడుతుంది."

మా నాయన అడ్డొచ్చాడు. "ఏందమ్మా, పసిదానికి అట్ల చెప్తారు? బెదిరిపోతాది."

"ఇప్పటికే బెదిరి ఉంది. ఎందుకో తెలియక బెదురుతోంది" అంది ఆమె. "చేతులు విప్పండి. ఇక తన తల తనే చూసుకుంటుంది."

నాయన నన్ను చూశాడు. నేను గింజుకోలేదు. ముడులు విప్పి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

భయం తగ్గిందని చెప్పను. ఇంకా పెరిగింది. బయటపడే దారి లేదని తేలిపోయింది కదా. కానీ అంతవరకు గదంతా నిండిన భయానికి, ఇప్పుడు ఆ వెంట్రుకంత గీత దగ్గర ఒక చోటు దొరికింది. దాన్ని కాచుకోవడం నా పని అనుకున్నాను. దగ్గు వచ్చినా తల కదలకుండా దగ్గడం నేర్చుకున్నాను. వారాలు గడిచాయి. ఎముక అతుక్కుంది. ఇప్పటికీ కుడివైపు మెడ పూర్తిగా తిరగదు, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాను.

ఈమధ్య మా ఆయనకు గుండె పరీక్షలు చేసి, మంచం దిగకూడదన్నారు. పిల్లలు నన్ను పక్కకు పిలిచి, "నాయనకు ఏం చెప్పొద్దుమా" అన్నారు. వాళ్లను టీ తాగి రమ్మని పంపి, ఆయన పక్కన కూర్చుని, డాక్టరు నాకు చెప్పిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సరే, ఇప్పుడు నేనేం చేయాల్నో చెప్పు" అన్నాడు.