ఎర్ర కార్డు వాళ్లు ముందుకి రండి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, గుండెల్లో ఎక్కడో కలుక్కుమంటుంది కూడా. తొంభైల్లో, పీహెచ్‌డీ పేరు చెప్పి, అరకు కొండల్లో డుంబ్రిగుడ దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఏడాదిపాటు మకాం వేశాను. రోగి వివరాలన్నీ పద్ధతిగా కాగితం మీద ఉంటే మందుల పొరపాట్లు వాటంతటవే పోతాయన్నది నా సిద్ధాంతం. (సిద్ధాంతమని నేననేవాణ్ణి. మా గైడుగారు 'చూద్దాం' అనేవారు.) చేతిలో అట్ట, చెవిమీద పెన్ను పెట్టుకుని వరండాలో తిరిగే నన్ను అక్కడందరూ 'కార్డుల బాబు' అనేవారు. అది గౌరవమే అనుకునేవాణ్ణి.

నా గొప్ప ఆవిష్కరణ రంగు కార్డులు. పెన్సిలిన్ సూది పడనివాళ్లకి ఎర్ర కార్డు, మిగతా అందరికీ తెల్లది. ఎర్ర కార్డువాళ్లు రద్దీలో కలిసిపోకూడదని వాళ్లని ముందు పిలవాలన్న రూలు కూడా నాదే. మొట్టమొదటి ఎర్ర కార్డు పై కొండల్లోంచి వచ్చిన ఒక పెద్దావిడకి రాశాను. ఎప్పుడో ఎక్కడో సూది వేస్తే ఒళ్లంతా పొంగి, ఊపిరాడక, డోలీలో మోసుకొస్తే చావు తప్పి బతికిందట. మళ్లీ ఆ సూది పడితే ఆవిడ దక్కదు. కార్డు అందుకుని సంబరపడి, బుట్టలోంచి దోసెడు చోళ్లు (మీరు రాగులంటారు) నా అట్టమీద పోసింది. అప్పట్నుంచి ఆవిడ నాకు చోళ్లత్త. ఎర్ర కార్డు ఎందుకో నేను సరిగ్గా చెప్పానా అంటే, చెప్పాను. 'ఇది ఉంటే నిన్ను ముందు పిలుస్తారు' అని, ఆ ఒక్క ముక్కే గట్టిగా చెప్పాను.

సూదులన్నీ వేసేది పెద్ద సిస్టరు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. బయట జనం తోసుకుంటున్నా సరే, సూది చేతిలోకి తీసుకున్నాక ప్రతి మనిషినీ ఆపి, ఇంతకుముందు వేయించుకున్నప్పుడు ఏమైందని అడిగేది. వాళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఆవు ఈనిన సంగతి దాకా వెళ్లేవారు. నేను వాచీ చూసి లెక్కగట్టి, ఇదంతా కాలయాపన, కార్డు రంగు చూస్తే చాలని విన్నవించాను. "అలాగే బాబూ" అంది. మర్నాడు మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మళ్లీ అలాగే అంది. 'సిబ్బందికి శిక్షణ అవసరం' అని గైడుగారికి ఉత్తరం కూడా రాశాను, బుద్ధిలేక.

ఒక సంత రోజు వరండా కిటకిటలాడిపోతోంది. మధ్యాహ్నం జీపు తప్పితే కొండెక్కి నడవాల్సిందే, అందుకని అందరికీ తొందరే. ఎవరికో కాలిమీద పుండు చీముపట్టింది. డాక్టరుగారు తెల్ల కార్డు చూసి పెన్సిలిన్ రాశారు. నేను తలెత్తకుండానే, తెల్ల కార్డే సిస్టర్, అడగక్కర్లేదు, వేసేయండి అన్నాను. ఆవిడ సూదిలోకి మందెక్కించింది. ఎక్కించి, ఎప్పట్లాగే అడిగింది.

"ఒళ్లు పొంగిపోనాది. సచ్చిపోయాననే అనుకున్నారు" అంది ఒక గొంతు.

ఆ గొంతు నాకు తెలుసు. తలెత్తితే చోళ్లత్త. ఆవిడ చోళ్లు తిన్నవాణ్ణి, ఆవిడ కార్డు రాసినవాణ్ణి, ఆవిడ మొహం మాత్రం చూడలేదు. సిస్టరు సూది ట్రేలో పెట్టేసి, నీ ఎర్ర కార్డేదని నెమ్మదిగా అడిగింది.

"సంటి గుంటనెత్తుకుని ఒకర్తి వచ్చినాది. జీపెళ్లిపోతాదని ఏడుస్తంది. ఎర్రది ముందెళ్తాది కదా, దానికిచ్చి దాని తెల్లది నాను తీసుకున్నాను. నాకేటి తొందర?"

ఇంకేముంది, బెంచీలన్నీ తిరిగి చూశాను. బోడిగుండు తాత చేతిలో గర్భిణీ స్త్రీ కార్డు ఉంది. కొన్ని వారాలుగా మెట్లదగ్గరే కార్డులు మారుతున్నాయట. ఎవరి ఊరు ఎక్కువ దూరమైతే వాళ్లకి ఎర్రది. (ఆ పంపకం మాత్రం నా రూలుకన్నా న్యాయంగా ఉంది.)

జనమంతా వెళ్లిపోయాక మెట్లమీద కూర్చుని ఏడ్చాను. దాచుకోడానికేముంది. సిస్టరు గైడుగారికి ఒక్క ముక్క రాస్తే నా చదువు అక్కడితో సరి. రాస్తారా అని అడిగాను.

ఆవిడ నా పక్కన కూర్చుంది. "రాయడానికేటుంది బాబూ. నీ వయసులో నానూ అడక్కుండా ఒకపాలి సూదేసినాను. ఆ మనిషి బతకనేదు. రేపు బేగి రా, నా పక్కన కూకో."

మర్నాడు వెళ్లి కూర్చున్నాను. ఏడాది చివరిదాకా అక్కడే కూర్చున్నాను. థీసిస్ ముందు పేజీలో లైబ్రేరియనుకీ, టైపిస్టుకీ కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను, ఆవిడకి తప్ప. ఆవిడ పేరు రాస్తే నా తప్పూ రాయాలి మరి. ఆ సిగ్గు పోయి మళ్లీ కొండెక్కేసరికి రెండువేల సంవత్సరం దాటేసింది. ఆవిడ ఎప్పుడో రిటైరై వెళ్లిపోయిందన్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రోగుల భద్రత మీద ఉపన్యాసాలిస్తాను, కమిటీల్లో కూర్చుంటాను. అందరూ నన్ను సారంటారు. ఏ నిర్ణయమైనా నా సంతకంతోనే ఖాయమవుతుంది, అది తప్పేమోనని అడిగేవాళ్లు లేరు. అలాంటప్పుడు ఆ కార్డుల బాబు గుర్తొచ్చి నవ్వుకుంటాను, ఎంత వెర్రివాడని. ఆ వెంటనే వాణ్ణి చూసి అసూయపడతాను. తప్పు చేసిన రోజున వాడి పక్కన ఆవిడ ఉంది.