ఖాళీ మేకు: అలీబాగ్ తీరంలో పడవ పందేలకు ముందు

ఈ ప్రయాణం నేను కోరుకున్నది కాదు. మా నాన్నను బాపు అంటాం, ఆయన పంపితే వెళ్లాను. మా చెల్లెలు వైశాలి ముంబయిలో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఎన్‌సీసీ నౌకా విభాగంలో చేరి తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఆ సంగతి ఏడాది పాటు ఇంట్లో చెప్పలేదు. దీపావళికి నాందేడ్ వచ్చినప్పుడు, అందరం భోజనాలకు కూర్చున్నాక, అలీబాగ్ దగ్గర ఒక క్లబ్బులో క్యాటమరాన్ పందేలు జరుగుతాయని, తను పేరిచ్చానని చెప్పింది. బాపు సగం అన్నం విస్తట్లోనే వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నాకు ఏడేళ్లప్పుడు మా కాక, అంటే బాపు తమ్ముడు, దోస్తులతో కలిసి గోదావరికి స్నానానికి వెళ్లాడు. వాళ్లంతా ఒక్కొక్కరే ఒడ్డెక్కారు. ముందే పోయి ఉంటాడని ఒకరు, వెనక వస్తున్నాడని ఒకరు అనుకుని ఎవరిళ్లకు వాళ్లు చేరారు. మధ్యాహ్నం దాటినా కాక రాకపోయేసరికి బాపు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వెతకడానికి బయలుదేరాడు. దోస్తుల ఇళ్లు, సినిమా టాకీసు, బస్టాండు, మా మేనత్త ఇల్లు. ప్రతి గడపలోనూ ఆగి అడిగాడు. నదికి ఆఖరున వెళ్లాం, పొద్దు గూకుతుండగా. మెట్ల మీద కాక చెప్పులున్నాయి. ఆ రోజు గురించి బాపు ఇప్పటికీ మాట్లాడడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నదిలో కాలు పెట్టలేదు.

మర్నాడు పొద్దున నాందేడ్ వజీరాబాద్‌లో మా బట్టల దుకాణం తాళం తీస్తూ బాపు నాతో అన్నాడు, “నువ్వు పో. నీ కండ్లతోని చూసి ఫోన్ చెయ్. నువ్వు పంపుమంటె పంపుత, వద్దంటె వద్దు.”

“పడవల గురించి నాకేం తెల్సు బాపూ?”

“నీకు అబద్దమాడ రాదు. గంతే చాలు.”

నేను ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకం ఇవ్వడం, తిరిగి వచ్చాక బీరువాలో పెట్టడం నా పని. నలుగురిలో నోరు విప్పలేను. అలాంటి నా మాట మీద చెల్లెలి కోరిక ఆధారపడింది. బయలుదేరే ముందు బాపును కన్న తల్లి, మా బాపమ్మ, ఒక నల్లదారం పొట్లం కట్టి ఇచ్చింది. “దాని చేతికి కట్టు. ఇంటికొచ్చిందాక ఇప్పొద్దను” అంది.

ఇటువైపు నుంచి వెళ్లదలచినవారి కోసం దారి చెబుతున్నాను. నాందేడ్‌లో సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి ముంబయి చేరుతుంది. స్లీపరుకు మూడు వందల లోపే అయింది. అక్కడి నుంచి టాక్సీలో గేట్‌వే ఆఫ్ ఇండియాకు వెళ్లి, మాండ్వా వెళ్లే లాంచీ ఎక్కాలి. వంద రూపాయలకు కాస్త అటూ ఇటూగా టికెట్టు, గంట ప్రయాణం. మాండ్వా రేవు నుంచి అలీబాగ్‌కు లాంచీ కంపెనీ బస్సే తీసుకెళ్తుంది, దానికి వేరే టికెట్టు అక్కర్లేదు. వానాకాలంలో లాంచీలు నడవవు. ఆ లాంచీని కూడా అక్కడివాళ్లు క్యాటమరాన్ అనే అంటారు. వందమంది కూర్చునే ఆ పెద్ద పడవను చూసి, చెల్లెలు నడిపేది ఇలాంటిదే అనుకుని కొంత ధైర్యం తెచ్చుకున్నాను. ఆ ధైర్యం క్లబ్బు దాకానే నిలిచింది.

అలీబాగ్ నుంచి క్లబ్బుకు ఆరుగురు పట్టే ఆటోలో వెళ్లాను. డ్రైవరు నన్ను అక్కా అన్నట్టు తాయీ అని పిలిచి మరాఠీలో మాట కలిపాడు.

“పందేలకా తాయీ? మీరూ పడవెక్కుతారా?”

లేదని తల ఊపాను.

“మంచి పని. కిందటేడు పుణె నుంచి ఒకాయన వచ్చాడు. పడవ ఇంకా ఇసుక మీదే ఉంది, ఆయన అప్పుడే నీళ్లలో పడ్డాడు.” అతను ఒక్కడే చాలాసేపు నవ్వుకున్నాడు.

క్లబ్బంటే ఒక పెంకుటింటి వరండా, సరుగుడు తోట, దాని ముందు నల్లటి ఇసుక. పందేలకు ఇంకా రెండు రోజులున్నాయి. ఇసుక మీద పడవలు వరసగా ఉన్నాయి. రెండు సన్నటి పొడుగాటి పడవలను పక్కపక్కన పెట్టి, మధ్యలో నవారు మంచంలా వల బిగించినట్టుంది ఒక్కొక్కటీ. పైన ఒక స్తంభం, దానికి తెరచాప. కూర్చోవడానికి ఆ వల తప్ప ఏమీ లేదు. ఇద్దరు నడుపుతారు. చుక్కాని పట్టేది చెల్లెలి స్నేహితురాలు మృణాల్. గాలి ఎక్కువైనప్పుడు నడుముకు తీగ తగిలించుకుని, పడవ అంచున కాళ్లు ఆనించి, నీళ్ల మీదికి వాలి నిలబడేది వైశాలి. ఆ మాట చెబుతూ తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దారం తీసి తన మణికట్టుకు కట్టి, బాపమ్మ చెప్పింది చెప్పాను.

“బాపు ఏమన్నడక్కా?”

“చూసి చెప్పుమన్నడు.”

“మరి చూడు. కండ్లు మూసుకోకు.”

వాళ్ల తయారీ రోజంతా చూశాను. పందెం నీళ్లలో జరిగేది కొద్దిసేపే, దానికి ముందు పని అంతా ఒడ్డు మీదే. స్తంభాన్ని పట్టి ఉంచే తీగలను ఒక్కొక్కటిగా లాగి చూశారు. తెరచాప చిరగకుండా, కాళ్లు గీసుకోకుండా ప్రతి పిన్ను మీదా టేపు చుట్టారు. పడవ తోకల దగ్గర, లోపలికి చేరిన నీళ్లు వదిలే రంధ్రాలకు బిరడాలు బిగించారు, ఒకరు బిగించింది ఇంకొకరు తిప్పి చూశారు. అక్కడ ఆటు సమయంలో సముద్రం చాలా దూరం వెనక్కి పోతుంది, బురద తేలుతుంది. అందుకని పోటు వేళను బట్టి, మధ్యాహ్నం మొదలయ్యే గాలిని బట్టి పందేల వేళలు పెట్టారు. తర్వాత కావాలని పడవను బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టడం సాధన చేశారు. తెరచాప నీళ్ల మీద పరుచుకుంది. వైశాలి తల కనబడలేదు. నేను వరండా స్తంభం పట్టుకున్నాను. కొంతసేపటికి పడవ అవతలి వైపు నుంచి తన గొంతు వినబడింది, మృణాల్‌ను ఏదో విసుక్కుంటోంది. ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేయలేదు.

బస, భోజనం క్లబ్బు వెనకే, రోజుకు రెండు వందలు. వంటిల్లు నడిపే నందాతాయి నా పళ్లెంలోకి చేప వేయబోతే వద్దన్నాను.

“చేప తినరు, నీళ్లలో దిగరు. మరి సముద్రానికి ఎందుకొచ్చారమ్మా?” అంది మరాఠీలో.

“చూడ్డానికి.”

“చూసేదానికి టికెట్టు లేదులే” అని నాకు ఇంకో భాకరీ రొట్టె, పప్పు వేసింది.

రెండో రోజు మధ్యాహ్నం వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పందేలు నడిపించే పింటో మేడమ్ నా ముందు వచ్చి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, మెడలో ఈల. మా బడిలోని సిస్టర్లు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

“చదువుకుంటూ కదలకుండా కూర్చునే మనిషి నాకు ఎప్పుడూ దొరకడు” అన్నారు ఇంగ్లిషులో. “అందరికీ పడవల మీద పనే కావాలి. నువ్వు నాతో రా.”

ఒడ్డున ఒక చెక్క పలక ఉంది. దాని మీద వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద పడవ అంకె. నీళ్లలోకి పోయేటప్పుడు ఆ పడవ మనిషి బిళ్ల తీసి చేతికి కట్టుకుని పోవాలి. ఒడ్డుకు రాగానే, మంచినీళ్లు కూడా తాగక ముందే, తెచ్చి మేకుకు తగిలించాలి. ఎండ తగ్గేవేళకు మేకు ఖాళీగా ఉంటే ఆ పడవ సముద్రంలో ఉన్నట్టే.

“ఒకవేళ వాళ్లు మర్చిపోయి ఉంటే?” అని అడిగాను.

“అది తర్వాత కనుక్కుంటాం. ముందు పడవ పంపుతాం.”

నన్ను ఆ పలక దగ్గర కాపలా కూర్చోబెట్టారు. గ్రంథాలయంలో నా పనికి, దీనికి తేడా కనబడలేదు. ఇచ్చింది తిరిగి రావాలి, అంతే.

ఆ సాయంత్రం పడవలు ఒక్కొక్కటే తిరిగివచ్చాయి. బిళ్లలు తెచ్చి తగిలించినవాళ్లు నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను. నీళ్లు వెనక్కి పోవడం మొదలయింది, కొందరు దూరంగా ఎక్కడ వీలైతే అక్కడ పడవలు లాగి తెరచాపలు దించేశారు. దించాక ఏది ఎవరిదో ఇక్కడి నుంచి తెలియదు. సముద్రం మీద ఒక్క తెరచాప కూడా లేదు. పలక మీద ఏడో మేకు ఖాళీగా ఉంది. అది వైశాలి పడవ అంకె.

ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాను. తోటలోకి పోయి ఎవరినైనా అడుగుదామని రెండడుగులు వేశాను కూడా. అప్పుడు నాకు సైకిలు ముందు కడ్డీ, ఒక్కో గడపా గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి అరిచాను. నోటికి మరాఠీ రాలేదు, ఇంగ్లిషూ రాలేదు. “మా చెల్లె రాలేదు! మా చెల్లె రాలేదు!” అని తెలుగులోనే అరిచాను.

పింటో మేడమ్‌కు తెలుగు రాదు. నా వేలు మేకు మీద ఉంది. ఆమె దాన్ని చూసి ఈల ఊదారు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. రక్షణ పడవ ఇద్దరితో అలలు దాటి పోయింది. అది పోయాకే ఒకతన్ని ఇసుక వెంట పడవలు చూసి రమ్మని పంపారు, ఇంకొకర్ని గదులు చూడమన్నారు. నేను నీళ్లలోకి ఎప్పుడు దిగానో తెలియదు, మోకాళ్ల దాకా తడిసి ఉన్నాను.

వైశాలి వంటింట్లో దొరికింది. బిళ్లకుండే రబ్బరు పట్టీ నీళ్లలోకి దిగేటప్పుడు తెగిపోతే, బాపమ్మ కట్టిన నల్లదారంలోకి బిళ్లను దూర్చి ముడేసుకుంది. ఉప్పునీళ్లకు ముడి బిగుసుకుపోయింది. ఇంటికి వెళ్లేదాకా దారం ఇప్పొద్దన్న మాట మనసులో ఉంది కనుక కోయలేక, దూరాన ఇసుక మీదే పడవను మృణాల్‌కు అప్పగించి, తోట వెనక నుంచి వంటింటికి పోయింది. నందాతాయి ఒక సూదితో ఆ ముడిని విప్పడానికి కుస్తీ పడుతోంది. చివరికి కత్తితోనే కోశారు.

పింటో మేడమ్ గొంతు పెంచలేదు. “రేపు మొదటి పందెంలో ఏడో నంబరు పడవ దిగదు” అన్నారు. రక్షణ పడవను జెండా ఊపి వెనక్కి పిలిచారు. వైశాలి ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, బాపుకు ఇది మాత్రం చెప్పకు. ఇంక పంపనే పంపడు. నీకు దండం పెడత.”

“నన్ను చూసి చెప్పుమన్నడే. చూసింది చెప్పకపోతె ఎట్ల?”

“మంచిదే చూసిన అను. ఒక్కసారి అక్కా.”

ఊళ్లో పసుపు బోర్డు ఉన్న ఎస్టీడీ ఫోన్ దుకాణానికి ఇద్దరం నడిచాం. వైశాలి బయట మెట్టు మీద కూర్చుంది. బాపు దుకాణంలోనే ఉన్నాడు, ఒక్క మోతకే ఎత్తాడు.

“చూసినవా?”

“చూసిన బాపూ.” మొదటి నుంచి చెప్పాను. తీగలు, బిరడాలు, బోల్తా కొట్టడం, మేకులు, ఖాళీ మేకు, దారం. ఏదీ దాచలేదు. అంతా విన్నాక బాపు అడిగాడు,

“పడవ దీస్కొని పోయిండ్రా?”

“పోయిండ్రు.”

“ముందుగాల గదులల్ల అడగలేదా? దోస్తులను అడగలేదా?”

“లేదు బాపూ. ముందుగాల సముద్రంలకే పోయిండ్రు. అడుగుడు తర్వాత.”

దుకాణంలో ఎవరో గుడ్డ ధర అడుగుతుంటే బాపు వాళ్లను ఆగమన్నాడు.

“ఎవలు చెప్పిండ్రు వాళ్లకు, రాలేదని?”

“నేనే. గట్టిగ ఒర్లిన.”

“నువ్వా? నువ్వు ఒర్లినవా?”

“ఆ బాపూ.”

“రేపు ఆ పలక కాడ ఎవలు కూసుంటరు?”

“నేనే కూసుంట.”

“అట్లయితె పోనియ్.” మళ్లీ అన్నాడు, “నువ్వు ఆడికెల్లి లేవకు.”

బయటికి వచ్చి చెబితే వైశాలి నమ్మలేదు. తనే మళ్లీ ఫోన్ చేసి మాట్లాడింది.

పందేల గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా లేదు. మొదటి పందెం వైశాలి నా పక్కన ఇసుక మీద కూర్చుని చూసింది. రెండో పందెంలో నీళ్లలోకి దిగింది. వాళ్లు ఎన్నో స్థానంలో వచ్చారో నేను చూడలేదు, నా చూపు పలక మీదే ఉంది. తను పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ, ఏడో మేకుకు బిళ్ల తగిలించింది. ఆ బిళ్ల కాసేపు ఊగి ఆగింది. ఇంటికి వెళ్లాక బాపమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని దారం ఏదని అడిగింది. తెగిందన్నాం. “తెగితె తెగె. మనిషొచ్చింది గద” అంది.

బాపు ఇన్నేళ్లూ నీళ్లకు భయపడుతున్నాడనుకున్నాను. నీళ్లకు కాదని ఇప్పుడు తెలిసింది. ఒక మనిషి రాలేదన్న సంగతి సాయంత్రం దాకా ఎవరికీ తెలియకపోవడం ఆయన భయం. మొన్న ఆదివారం ఆయన నన్ను గోదావరి దాకా వెంట రమ్మన్నాడు. మెట్ల మీద కూర్చున్నాం. స్నానాలు చేసి ఒడ్డెక్కుతున్న పిల్లలను ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆఖరివాడు చొక్కా తొడుక్కునేదాకా లేవలేదు.

ఇలాంటి చోటుకు పిల్లలను పంపేవారికి ఒక్క మాట. పడవలు కొత్తవా, గురువు ఎవరు అన్నది తర్వాత అడగండి. తిరిగి వచ్చినవాళ్లను ఎవరు లెక్కపెడతారో ముందు అడగండి. ఆ మనిషిని చూపిస్తే డబ్బు కట్టండి. చూపించలేకపోతే పిల్లలను తీసుకుని వచ్చేయండి.